ఎక్స్‌స్ట్రీమ్ : ఘటనా ప్రవాహముల కొక చిన్న లైబ్రరీ – విమర్శ

పరవాడలో మేడమీద నిలిచి చూచినచో సింహాద్రి తాపవిద్యుత్కేంద్రపు శీతలీకరణ గోపురములు కనబడును. ఒక్కొక్కటి 500 మెగావాట్ల శక్తిగల యూనిట్లు నాలుగు అచ్చట కలవు. ఇట్టి కేంద్రములో నియంత్రణ గదియందు కూర్చున్న ఉద్యోగి పని యెట్టిదో విద్యార్థులు ఒకసారి ఊహింపవలెను. ఆవిరి ఉష్ణోగ్రత, గొట్టములలోని పీడనము, నీటిమట్టము మున్నగు అంకెలు రాత్రింబవళ్లు అతని యెదుటికి వచ్చుచునే యుండును. అతడు వాటిని పిలువనక్కరలేదు. అవియే వచ్చును, ఎప్పుడు వచ్చునో ముందుగా తెలియదు, వచ్చినప్పుడు మాత్రము తగినట్లు స్పందింపవలెను.

ఈ స్పందనలో పొరపాటు జరిగినచో ఏమగునో తెలిపెడి ఉదాహరణ యొకటి వేల్సు దేశమునందలి మిల్ఫర్డ్ హేవెన్ చమురుశుద్ధి కర్మాగారములో లభించును. అచ్చట 1994 జూలై 24వ తేదీన గొప్ప ప్రేలుడు సంభవించి 26 మంది గాయపడిరి. అదృష్టవశమున ప్రాణనష్టము లేదు. విచారణలో రెండు సంగతులు బయటపడినవి. ప్రేలుడునకు ముందరి 11 నిమిషములలో ఇద్దరు ఆపరేటర్ల యెదుట 275 హెచ్చరికలు మ్రోగినవి. లెక్కవేసి చూడుడు, సగటున 2.4 సెకండ్లకొక హెచ్చరిక! ఏది ముఖ్యమో, ఏది కాదో తెలిసికొనుట మానవమాత్రునికి సాధ్యమా? ఇక రెండవ సంగతి. ఒక కవాటము నిజముగా మూసికొనియుండగా, అది తెరచియున్నట్లు వ్యవస్థ చూపినది. మొదటిది అధిక సమాచారము వలని దోషము. రెండవది అసత్య సమాచారము వలని దోషము.

నేను ఇచ్చట పరిశీలింపదలచినది ఇంత పెద్ద యంత్రమును కాదు. వెబ్ పుటలు వ్రాయువారికొరకు పుట్టిన ఒక చిన్న ప్రోగ్రాము లైబ్రరీని. అయినను ఘటనలను సంబాళించు సాధనము చిన్నదైనను పెద్దదైనను పై రెండు దోషముల విషయమున దాని నడవడి యెట్టిదని అడుగుట న్యాయమే యని నా అభిప్రాయము.

లైబ్రరీ అనగా ఇచ్చట పుస్తకశాల కాదు. ఇతరులు మరల మరల వ్రాయనక్కరలేకుండ ఒకరు వ్రాసి, పరీక్షించి, అందరి ఉపయోగమునకు ఉంచిన ప్రోగ్రాము భాగముల సంపుటమునకు ఆ పేరు. ఇక ఘటనా ప్రవాహమనగా ఏమి? తరగతి హాజరుపట్టీని తలచుకొనుడు. అందులో పేర్లన్నియు ఒకేసారి కన్నుల యెదుట ఉన్నవి. కావలసిన పేరు తీసికొనవచ్చును. పాఠశాల ద్వారమువద్ద నిలబడినవానికి మాత్రము విద్యార్థులు ఒక్కొక్కరుగా వచ్చుచుందురు. మొదటిది స్థలములో పరచిన పట్టిక, రెండవది కాలములో పరచిన పట్టిక. ఈ రెండవదియే ప్రవాహము. మీట నొక్కుట, తెరపై వ్రేలు తగులుట, ఉష్ణమాపకము కొత్త అంకె పంపుట ఇవన్నియు ఘటనలు.

పట్టికపై మనము చేయగల పనులనే ప్రవాహముపైనను చేయవచ్చుననుట ఈ విధానమునకు మూలసూత్రము. ప్రతి సెంటిగ్రేడు అంకెను ఫారెన్‌హీట్ అంకెగా మార్చుట ‘మ్యాప్’. 40 డిగ్రీలు దాటినవానిని మాత్రమే పోనిచ్చుట ‘ఫిల్టర్’. వచ్చినకొలది మొత్తము కూడుకొనుచు పోవుట ‘ఫోల్డ్’. రెండు ద్వారములనుండి వచ్చువారిని ఒకే వరుసలో నిలుపుట ‘మెర్జ్’. రెండు ప్రవాహములలో దేనినుండి కొత్త విలువ వచ్చినను, ఉభయుల తాజా విలువలను జతచేసి పంపుట ‘కంబైన్’. ఈ చివరి దానిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో మనకు ముందు పేచీ యున్నది.

ఈ భావమునకు కొంత చరిత్ర కలదు. 1997లో కోనల్ ఎలియట్, పాల్ హ్యూడాక్ అనువారు కదలు బొమ్మలను గణిత ప్రమేయములుగా వర్ణించు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. అందు కాలము విడివిడి క్షణములు కాదు, గీతవలె అవిచ్ఛిన్నమైనది. పిదప మైక్రోసాఫ్ట్ సంస్థలో ఎరిక్ మేయర్ బృందము ఆర్ఎక్స్ అను సాధనమును నిర్మించెను. అందులో కాలము విడివిడి ఘటనల వరుస మాత్రమే. 2012లో ఫిన్లండునుండి యుహా పానానెన్ వ్రాసిన ‘బేకన్’ వెలువడినది. ‘కెఫిర్’ అను మరియొకటి దాని తరువాత వచ్చినది. ఒకటి పంది మాంసము, ఒకటి పులిసిన పాల పానీయము. ఈ శాస్త్రములో పేర్లు పెట్టువారు భోజనవేళకు ముందు కూర్చుందురు కాబోలు.

ఎక్స్‌స్ట్రీమ్ 2016లో ఆంద్రే స్టాల్ట్జ్, టైలర్ స్టైన్‌బర్గర్ అనువారిచే జావాస్క్రిప్టు ప్రోగ్రాములకొరకు నిర్మింపబడినది. ‘సైకిల్’ అను వెబ్ నిర్మాణ సాధనమునకు తోడుగా ఇది పుట్టినది. స్టాల్ట్జ్ కొత్తవాడు కాడు. రియాక్టివ్ ప్రోగ్రామింగు, అనగా ఘటనలకు స్పందించు ప్రోగ్రాము రచన, నేర్చువారికొరకు 2014లో ఆయన వ్రాసిన పరిచయ వ్యాసము బహుళ ప్రచారము పొందినది. ఆర్ఎక్స్ యొక్క జావాస్క్రిప్టు రూపములో నూటికి పైగా క్రియలుండగా, ఎక్స్‌స్ట్రీమ్ ప్రధానభాగములో 26 మాత్రమే ఉన్నవి. మొత్తము ప్రోగ్రాము కుదించిన పిమ్మట సుమారు 30 కిలోబైట్లు. ఒక సాయంకాలములో ఆసక్తిగల పదవ తరగతి విద్యార్థి దీని వివరణ పుటను ఆద్యంతము చదివి ముగింపగలడు. నూరు క్రియలలో ఏది కావలెనో తెలియక తికమకపడువానికి ఇది చిన్న మేలు కాదు.

అయితే చిన్నతనము ఊరక రాదు. నిర్మాత కొన్ని నిర్ణయములను మన తరఫున ముందే చేసియుంచిన కారణముననే పెట్టెలో పనిముట్లు తగ్గినవి. కనుక ఆ నిర్ణయములు మంచివా కావా యనునదియే విమర్శకుడు చూడవలసినది.

మొదటి నిర్ణయము: ఇందలి ప్రవాహములన్నియు ‘వేడి’ ప్రవాహములే. గ్రామఫోను రికార్డును ఎవరు పెట్టుకొన్నను పాట మొదటినుండి వినిపించును. అది ‘చల్లని’ ప్రవాహము. రేడియో వార్తలు ఎవరికొరకును ఆగవు. ఆలస్యముగా రేడియో పెట్టినవానికి ముఖ్యాంశములు దక్కవు. అది ‘వేడి’ ప్రవాహము. ఆర్ఎక్స్‌లో రెండును కలవు. ఒకే ప్రవాహమును ఇద్దరు విన్నచో పని రెండుమార్లు జరుగుట అందు కొత్తవారికి నిత్యము ఎదురగు చిక్కు. ఎక్స్‌స్ట్రీమ్ రేడియో పద్ధతిని మాత్రమే ఉంచినది. ఉష్ణమాపకము, మీట, తెర మున్నగునవి స్వభావము చేతనే రేడియో వంటివి గనుక ఈ నిర్ణయము సమంజసమని ఒప్పుకొనక తప్పదు. ఆలస్యముగా వచ్చినవాని గతి యేమి? దానికి ‘జ్ఞాపక ప్రవాహ’మను మరియొక జాతిని ఏర్పరచిరి. క్రికెట్ ఆట మధ్యలో వచ్చినవాడు స్కోరెంత అని అడిగినచో ప్రక్కవాడు చెప్పునట్లు, ఈ ప్రవాహము కొత్త శ్రోతకు చివరి విలువను చెప్పును; అంతకు ముందరి కథ చెప్పదు.

మరియొక నిర్ణయము నాకు మిక్కిలి నచ్చినది. చివరి శ్రోత వెడలిపోగానే ప్రవాహము వెంటనే ఆగిపోదు. ఒక్క క్షణము వేచి చూచును. ఆ లోపల మరియొక శ్రోత వచ్చెనా, ప్రవాహము తెగకుండ సాగును. వీధి కుళాయివద్ద ఒకరి బిందె తీసి వేరొకరి బిందె పెట్టునంతలో ఎవరును కుళాయి కట్టివేయరు గదా! ఇంతటి చిన్న విషయమున ఇట్టి లోకజ్ఞానము చూపిన ప్రోగ్రాములు తరచుగా కనబడవు.

పేర్ల విషయములోను కొంత చమత్కారము కలదు. ప్రవాహములోనికి వెలుపలినుండి బలవంతముగా విలువను త్రోయుట ఈ పద్ధతికి విరుద్ధము. ఎచ్చట ఏది పుట్టినదో తరువాత తెలియకపోవును. అయినను అవసరము వచ్చుచుండును. ఆ క్రియకు పెట్టిన పేరు ‘షేమ్‌ఫుల్లీ సెండ్ నెక్స్ట్’, అనగా సిగ్గుపడుచు తరువాతిది పంపుట. నిషేధింపలేదు, దాచిపెట్టలేదు, వాడువాడు వ్రాసిన ప్రతిసారియు తన సిగ్గును తానే వ్రాసికొనవలెను. ప్రయోగపు రికార్డులో గ్రాఫునకు అనుగుణముగా అంకెలు దిద్దు విద్యార్థులకు ఇట్టి పేరుగల కలమునొకదానిని ఈయవలెనని నాకు అనిపించినది.

ఇంత శ్రద్ధగా పేర్లు పెట్టినవారే ‘ఫ్లాటెన్’ అను క్రియ వద్ద పాఠకుని త్రోవ తప్పించిరి. ఒక్కొక్క ఘటన మరియొక ప్రవాహమును పుట్టించుట సామాన్యము. వెదకు పెట్టెలో ఒక్కొక్క అక్షరము కొట్టినప్పుడెల్ల సమాధానములు తెచ్చు కొత్త ప్రవాహము పుట్టును. ఈ ప్రవాహముల ప్రవాహమును ఒక్కటిగా చదును చేయుట ఫ్లాటెన్ పని. కాని ఎక్స్‌స్ట్రీమ్ ఫ్లాటెన్ కొత్త ప్రవాహము రాగానే పాతదానిని విడిచిపెట్టును. వెదకు పెట్టెకు ఇదియే సరియైనది. ‘విశా’ అన్నప్పటి సమాధానములు ‘విశాఖ’ అన్న తరువాత ఎవనికి కావలెను? ఒక ఉపాధ్యాయుడు వరుసగా పదిమంది మార్కులను పంపుచున్నాడనుకొనుడు. ప్రతి పంపకమునకు వచ్చు రసీదును ఒక ప్రవాహముగా భావించి ఫ్లాటెన్ చేసినచో, మొదటి రసీదు రాకమునుపే రెండవ పంపకము మొదలైన యెడల మొదటి రసీదు మనకు కనబడదు. అన్నిటిని నిలుపుకొను ‘ఫ్లాటెన్ కంకరెంట్లీ’, వరుసగా నడుపు ‘ఫ్లాటెన్ సీక్వెన్షియల్లీ’ అనునవి లేకపోలేదు. అవి ప్రధాన పెట్టెలో కాక అనుబంధములో ఉన్నవి. పట్టికను చదును చేసినప్పుడు ఏదియు పోదని గణితము నేర్పినది. ప్రవాహమును చదును చేసినప్పుడు పోవునని ఈ పేరు చెప్పదు. సిగ్గుపడదగిన చోట సిగ్గు అని వ్రాసినవారు, విడిచిపెట్టు చోట విడిచిపెట్టుట అని ఏల వ్రాయరాదు?

ఇప్పుడు మిల్ఫర్డ్ హేవెన్ దోషములకు వత్తము. అధిక సమాచారమను మొదటి దోషము విషయములో ఈ పెట్టె బాగుగనే పనిచేయును. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మీట నొక్కినప్పుడు లోహపు పలకలు కొన్ని మిల్లీసెకండ్లపాటు ఎగిరెగిరి తగులును. ఒక్క నొక్కు పది నొక్కులుగా నమోదగును. ‘డిబౌన్స్’ అను క్రియ, నియమిత కాలము నిశ్శబ్దము గడచిన పిమ్మటనే చివరి ఘటనను పంపును. ‘థ్రాటిల్’ మొదటి ఘటనను వెంటనే పంపి, నియమిత కాలమువరకు మిగిలినవాటిని వదలును. ‘డ్రాప్ రిపీట్స్’ వచ్చిన విలువయే మరల వచ్చినచో ఊరకుండును. ఈ మూడును అనుబంధములోనివే. మీటకు మొదటిది తగినది. ప్రమాద హెచ్చరికకు మాత్రము దానిని ఎన్నడును వాడరాదు. ఘటనలు ఎడతెగక వచ్చుచున్నంతసేపు నిశ్శబ్దము ఏర్పడదు; కావున నిజమైన ఆపద కలిగినప్పుడే ఈ క్రియ నోరు మూసికొనును!

అసత్య సమాచారమను రెండవ దోషమునకై ఓమ్ నియమమును పరీక్షగా పెట్టుదము. 5 ఓముల నిరోధము గల తీగ యొకటి ఉన్నది. వోల్టేజి ప్రవాహము ఒకటి వచ్చుచున్నది. దానిని 5తో భాగించి విద్యుత్తు ప్రవాహమును మ్యాప్ ద్వారా పొందితిమి. ఇప్పుడు వోల్టేజిని, విద్యుత్తును కంబైన్ చేసి, మొదటిదానిని రెండవదానిచే భాగించినచో ఏమి రావలెను? ఎల్లప్పుడును 5 రావలెను. వేరొకటి వచ్చుటకు వీలేలేదు. మనమే 5తో భాగించితిమి గదా.

వోల్టేజి 10గా ఉన్నప్పుడు విద్యుత్తు 2 ఆంపియర్లు, నిరోధము 5. సరిగనే యున్నది. వోల్టేజి 20కి పెరిగినది. ఎక్స్‌స్ట్రీమ్ ఈ వార్తను శ్రోతలకు ఒకరి తరువాత ఒకరికి తెలుపును. కంబైన్‌లో వోల్టేజిని ముందు వ్రాసినచో వార్త తిన్నగా కంబైన్‌కు ముందు చేరును. విద్యుత్తు ఇంకను పాత 2 వద్దనే యున్నది. అందుచే ఫలితము 20ని 2చే భాగింపగా 10 ఓములు! మరుక్షణములో మ్యాప్ మేలుకొని విద్యుత్తును 4గా మార్చును. అప్పుడు ఫలితము మరల 5. ఇక కంబైన్‌లో విద్యుత్తును ముందు వ్రాసి చూడుడు. ఈసారి విద్యుత్తు ముందుగా 4కు మారును, వోల్టేజి పాత 10 వద్దనుండును, నిరోధము 2.5 ఓములు! పిదప 5. రెండు పేర్లను వరుస మార్చి వ్రాసినంత మాత్రమున అసత్యము వేరొక రూపము ధరించినది. తీగ మాత్రము మారలేదు.

ఈ లోపమును ఆంగ్లమున ‘గ్లిచ్’ అందురు. ఒకే మూలమునుండి చీలిన రెండు పాయలు మరల కలిసికొన్నచోట ఇది పుట్టును. తెరపై అంకె చూపుటకైనచో కంటికి కనబడకయే పోవును; అందుచేతనే వెబ్ నిర్మాతలు దీనిని అంతగా లెక్కచేయరు. కాని నిరోధము 8 ఓములు దాటినచో గంట కొట్టుమని మనము వ్రాసియుంటిమా, ఆ గంట మ్రోగును. మ్రోగిన గంటను మ్రోగనట్లు చేయలేము. మిల్ఫర్డ్ హేవెన్ ప్రమాదమునకు ఇది కారణమని నేను చెప్పుట లేదు; అచ్చటి యంత్రములు వేరు, ఆ లోపము వేరు. పరికరములన్నియు నిజమునే చెప్పినను మధ్యనున్న ప్రోగ్రాము అసత్యమును సృష్టింపగలదని మాత్రము ఇందువలన తెలియుచున్నది.

ఇది తప్పింపరానిది కాదు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరమున 1980 దశకములో పుట్టిన ‘లస్టర్’ అను భాషయందు ఒక క్షణమునకు సంబంధించిన సమీకరణములన్నియు ఆ క్షణమునందే నిజము కావలెనను నియమము కలదు. వోల్టేజి 20 అయిన క్షణముననే విద్యుత్తు 4. మధ్యస్థితి యనునది లేనేలేదు. విమానముల నియంత్రణ ప్రోగ్రాములు వ్రాయుటకు ఆ భాషనుండి పుట్టిన సాధనములను వాడిరి. అంత దూరము పోనక్కరలేదు. ఎక్స్‌స్ట్రీమ్ వలెనే వెబ్ కొరకు పుట్టిన బేకన్ లైబ్రరీయును, సైమన్ ఫ్రీస్ విందుమ్ వ్రాసిన ‘ఫ్లిడ్’ అను మిక్కిలి చిన్న లైబ్రరీయును పాయలన్నిటిని ముందుగా కొత్త విలువకు మార్చి, తరువాతనే కలయిక స్థానమును ఒక్కసారి లెక్కించును. కావున ‘చిన్నది గనుక సాధ్యము కాదు’ అను సమాధానము చెల్లదు. 2024లో జావాస్క్రిప్టు ప్రమాణ సంఘము పరిశీలనకు స్వీకరించిన ‘సిగ్నల్స్’ ప్రతిపాదనయందును ఈ మధ్యస్థితి లేకుండుట ఒక ముఖ్యగుణముగా చెప్పబడినది.

ఎక్స్‌స్ట్రీమ్ పక్షమున ఒక మాట చెప్పవచ్చును. ఎవరు ఎవరిపై ఆధారపడియున్నారో లెక్కపెట్టుకొని వరుస నిర్ణయించుటకు అదనపు పుస్తకము వ్రాసికొనవలెను. దానికి కొంత వేగము, కొంత సరళత ఖర్చగును. వార్తను అందినవాడు అందినట్లు ముందుకు పంపుట మిక్కిలి తేలిక. ఆర్ఎక్స్ కూడ ఇట్లే చేయును. నిర్మాత తేలికను ఎన్నుకొనెను; ఆ హక్కు ఆయనది. నా ఫిర్యాదు ఆ ఎన్నికపై కాదు. కొత్తవారికి సుబోధకమని చెప్పుకొను లైబ్రరీలో కంబైన్ ప్రక్కన ఒక హెచ్చరిక వాక్యము ఉండవలసినది. సిగ్గుకు అంత పెద్ద పేరు పెట్టినవారికి ఇది బరువు కాదు.

పాఠశాలలో దీనిని బోధింపవచ్చునా? నిస్సందేహముగా బోధింపవచ్చును. ఇరువదియారు క్రియలతో కాలమును పట్టికగా భావించుట నేర్పగల పుస్తకము ఇంత తక్కువ వ్యయములో, అనగా ఉచితముగా, దొరకుట అరుదు. కంప్యూటరు ఉన్న ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు మొదటి వారములో హాజరు లెక్క, ఉష్ణోగ్రత లెక్క చేయించి, రెండవ వారములో పై ఓమ్ ప్రయోగమును ఏమియు చెప్పకుండ ఇచ్చి చూడవలెను. నేను మా విద్యార్థులకు ఇచ్చినప్పుడు తెరపై 10 కనబడగానే సగముమంది తమ భాగహారమును దిద్దుకొన మొదలిడిరి. ఒక బాలిక మాత్రము, తీగ వేడెక్కినదేమో యని అడిగినది. భౌతికశాస్త్రముగా అది మంచి ప్రశ్నయే. నిరోధము ఉష్ణోగ్రతతో పెరుగును. అయితే ఇచ్చట తీగయే లేదు, అంకెలు మాత్రమే యున్నవి.

దిద్దుబాటు సులభము. పాయలుగా చీల్చి మరల కలుపుటకు బదులు, ఒకే మ్యాప్‌లో వోల్టేజిని, దానినుండి లెక్కించిన విద్యుత్తును జంటగా ఒకే ఘటనలో పంపినచో మధ్యస్థితికి తావుండదు. విద్యార్థులు ఇది చేసి సంతోషించిన పిమ్మట వారి చేతికి నిజమైన వోల్టుమీటరును, అమ్మీటరును ఈయవలెను. ఇప్పుడు విద్యుత్తును మనము లెక్కించుట లేదు. రెండు పరికరములు వేర్వేరుగా, వేర్వేరు క్షణములలో అంకెలు పంపును. 10 ఓములు మరల ప్రత్యక్షమగును. బేకన్‌గాని, ఫ్లిడ్‌గాని దీనిని ఆపలేవు. మూలములే రెండైనవి గనుక కలయికకు వేచియుండవలసిన సంగతి వాటికి తెలియదు. ప్రతి అంకె ప్రక్కన అది తీసిన కాలమును వ్రాసి, కాలములు సరిపోయిన జంటలనే భాగింపవలెను. ప్రయోగపు రికార్డులో ‘సమయము’ అను గడిని ఖాళీగా విడిచిపెట్టువారు మా తరగతిలో ఇంకను ఇద్దరు ముగ్గురున్నారు.